వెనక చక్రానికి 32 పళ్ళు

నవంబర్ 3, 2024, ఆదివారం

వెనక చక్రం విప్పి, కిరోసిన్ గుడ్డతో తుడుస్తూ పళ్ళు లెక్కపెట్టాను: 11, 13, 15, 17, 19, 21, 24, 28. ముందు 50, 34. ఎత్తు ఎక్కడానికి నా దగ్గరున్న అన్నిటికంటే తేలిక గేరు 34కి 28. పెడలు ఒక చుట్టు తిప్పితే సైకిలు 2.59 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకు 9.3 కిలోమీటర్లు. నేనూ సైకిలూ నీళ్ళ సీసాలూ కలిపి 90 కిలోలు. 8 శాతం వాలులో ఆ వేగం నిలబడాలంటే ఒక్క ఎత్తుకే 183 వాట్లు కావాలి. గాలి, టైరు రాపిడి అదనం.

నలభై దాటి, పొద్దంతా కుర్చీలో కూర్చునే మనిషి కాళ్ళకు అది పావుగంట సాగే పని కాదు. 60 చుట్లు 45 అవుతాయి, 40 అవుతాయి. తిరగడం నెమ్మదిస్తే శ్రమ తగ్గిందనుకుంటాం గానీ, అదే గేరులో అదే వాలు మీద ప్రతి చుట్టుకూ పెడలు మీద మోపాల్సిన బలం తగ్గదు. సగటున 17 కిలోల పైచిలుకు. ఊపిరి కాస్త తెరిపిన పడుతుంది, మోకాలికి మాత్రం ఏ రాయితీ లేదు. ఎడమ మోకాలి చిప్ప కింద నొప్పి ఎక్కడిదో ఈ లెక్క వేశాక తెలిసింది.

వెనక పళ్ళ చక్రాల గుత్తి మార్చి, 32 పళ్ళ కేసెట్ వేస్తే ఒక చుట్టుకు 2.26 మీటర్లు. పెడలు మీద బలం 15 కిలోల చిల్లర. అదే 60 చుట్లకు 160 వాట్లు చాలు. ఎక్కాల్సిన ఎత్తు అంతే ఉంటుంది, వాయిదాలు చిన్నవవుతాయి.

నవంబర్ 6, బుధవారం

ఈ ప్రాంతానికి 11-28 ఎవరు సరిపెట్టారో! రేసు సైకిళ్ళ లెక్కలు తెచ్చి మామూలు జనానికి అమ్మే సైకిళ్ళకు కూడా తగిలించారు. శేరిలింగంపల్లి అంటే అంతా రాతి నేల. బండల్ని తొలిచి టవర్లు కట్టారు గానీ రోడ్ల కింది మిట్టలు ఎక్కడికి పోతాయి? నల్లగండ్లలో బయలుదేరి గోపన్‌పల్లి మీదుగా నానక్‌రామ్‌గూడ చేరేలోపు ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. ఖాజాగూడ వైపు తిరిగితే చెప్పనే అక్కర్లేదు. కారులో పోయేవాళ్ళకు ఇక్కడ ఎత్తు ఉందనే తెలియదు.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్ 1న తెరిచిన సోలార్ కప్పు ట్రాక్ సంగతి వేరు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒక పాయ, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకోటి, రెండూ కలిపి 23 కిలోమీటర్లు. ఎండ తగలదు, లారీ హారన్ లేదు. అక్కడ ఏ కేసెట్ అయినా ఒకటే. ఇబ్బందల్లా అక్కడిదాకా పోవడంలోనే.

నవంబర్ 9, శనివారం

చందానగర్‌లో మెకానిక్ తమ్ముడి దగ్గరికి పోయాను. 34 పళ్ళది వేద్దామా అంటే, సైకిలు తలకిందులు చేసి, ముందుగా గేర్లు మార్చే డెరేలియర్ వెనక చెక్కిన అక్షరాలు చూశాడు.

"అన్నా, ఇది జీఎస్. లాంగ్ కేజే. షార్ట్ కేజ్ ఉంటే ఈ ముచ్చటే లేకుండె."

అసలు సంగతి కేసెట్ ధర కాదు, ఇదే. ముందు పళ్ళ తేడా 16. వెనక 28కి 11కి తేడా 17. కలిపితే 33. గేర్లు మారేటప్పుడు వదులయ్యే చైన్‌ని అంత మేర డెరేలియర్ కింద వేలాడే ఆ కేజ్ లాగి పెట్టాలి. 32 వేస్తే 37 అవుతుంది. పొట్టి కేజ్‌కి అంత తాహతు ఉండదు, చైన్ వేలాడుతుంది. 34 కూడా పట్టేదే గానీ, అందులో 26 తర్వాత ఒక్కసారిగా 34కి గెంతాలి. 32లో మెట్లు సాఫీగా ఉన్నాయి: 11, 13, 15, 18, 21, 24, 28, 32. దానికే ఖాయం చేశాను.

విప్పడం చూడాలి. చైన్ విప్‌తో పెద్ద చక్రాన్ని ఒక చేత్తో బిగబట్టి, రెండో చేత్తో లాక్ రింగ్‌లో పళ్ళ సాకెట్ దూర్చి స్పానర్ వేశాడు. కర్రుమని ఒక్క అరుపు, ఊడి వచ్చింది. ఫ్రీహబ్ మీద గాడులన్నీ ఒకే వెడల్పు, ఒక్కటి మాత్రం వేరు. ఆ గాడికి కేసెట్‌లోని జత పన్ను కలిస్తేనే లోపలికి జారుతుంది, తప్పుగా ఎక్కించడానికి వీల్లేదు. పెద్ద చక్రాలన్నీ పిన్నులతో ఒక గుత్తి, 11 పళ్ళది విడి. లాక్ రింగ్ బిగిస్తుంటే టకటకమని చప్పుడు. 40 న్యూటన్ మీటర్ల దాకా బిగించాలని రింగ్ మీదే రాసి ఉంది. అతను మాత్రం మణికట్టు లెక్కతో ఆపాడు.

పాత చైన్ వేద్దామంటే వద్దన్నాడు. కొలిచి చూపించాడు, సాగి ఉంది. సాగిన చైన్ కొత్త పళ్ళను తొందరగా నమిలేస్తుంది. కొత్త చైన్‌ని ముందు పెద్ద చక్రం, వెనక పెద్ద చక్రం మీదుగా చుట్టి, రెండు లింకులు అదనంగా ఉంచి కోశాడు. పొట్టిగా కోస్తే, ఎప్పుడైనా పరధ్యానంలో పెద్దదానికి పెద్దది వేసినప్పుడు డెరేలియర్ తిరగబడి చువ్వల్లోకి పోతుందట.

నవంబర్ 10, ఆదివారం

32 మీదికి మారినప్పుడు గరగర. పై పుల్లీ పళ్ళకు తగులుతోంది. డెరేలియర్ వెనకున్న బి స్క్రూ ఒకటిన్నర చుట్టు తిప్పితే ఐదారు మిల్లీమీటర్ల సందు వచ్చింది, చప్పుడు పోయింది.

నవంబర్ 13, బుధవారం

ఆఫీసు కింద పార్కింగ్‌లో మా టీమ్ కుర్రాడు చూసి, "సార్, 32నా? ఇంక తొక్కేదేముంది, కూర్చుంటే అదే పోతుందిగా" అన్నాడు. కార్బన్ సైకిలు అతనిది. వయసు పాతిక.

ఈ వెక్కిరింత పాతదే. 1903లో టూర్ ద ఫ్రాన్స్ మొదలుపెట్టిన ఆంరీ దెగ్రాంజ్‌కి గేర్లు మార్చే యంత్రమంటే గిట్టేది కాదు. మగటిమి కండల్లో ఉండాలిగానీ డెరేలియర్‌లో కాదని ఆయన పట్టుదల. ఆల్ప్స్ కొండల కింద రేసు వీరులు దిగి, వెనక చక్రం విప్పి, రెండో వైపుకు తిప్పి బిగించుకుని ఎక్కేవారు. ఆయన పక్కకు తప్పుకున్నాకే, 1937లో, టూర్‌లో డెరేలియర్‌కి అనుమతి వచ్చింది. ఇప్పుడు ఆ కొండల మీద పందెగాళ్ళే 30 పళ్ళు, 34 పళ్ళు వేసుకుంటున్నారు. ఈ కుర్రాడికి అదంతా చెప్పలేదు. అతని మోకాలు అతనికి ఇరవై ఏళ్ళ తర్వాత చెబుతుంది.

నవంబర్ 24, ఆదివారం

తెల్లారక ముందే మొయినాబాద్, చేవెళ్ల మర్రిచెట్ల కింద నుంచి మన్నెగూడ, వికారాబాద్. అక్కడి నుంచి అనంతగిరి ఎక్కుడు. కార్తీకం కదా, వనభోజనాల కార్లు అప్పటికే బారులు తీరాయి. గిన్నెలతో ఆటోలు, గుడికి పోయే బస్సులు.

మొదటి మలుపు దగ్గరే 32లోకి దించేశాను. గంటకు ఎనిమిది కిలోమీటర్లు. పక్కనే నడిచిపోతున్న పెద్దాయన, "నడుస్తలేవా బిడ్డా?" అని అడిగి నవ్వాడు. నడిచినా పెద్ద తేడా ఉండదు, నిజమే. గుండె ఎప్పటిలాగే కొట్టుకుంది, చెమట ఎప్పటిలాగే కళ్ళలోకి దిగింది. కానీ సీటు మీంచి లేవలేదు. లేవకపోవడమే నాకు కావలసింది. నిలబడి తొక్కడమంటే ఒక్కో పెడలు మీద ఒళ్ళంతా మోపడం, నొప్పంతా అక్కడే. అనంతపద్మనాభస్వామి గుడి దగ్గర, మూసీ పుట్టే చోటని చెప్పే కొండ మీద, మెట్లు దిగుతుంటే మోకాలు ఎక్కడుందో గుర్తు చేయలేదు.

దిగేటప్పుడు మాత్రం గేర్లకు పని లేదు, బ్రేకులకే. వాటి రబ్బర్లు చూసుకోవాలి.

నవంబర్ 27, బుధవారం

పోగొట్టుకున్నది కూడా ఉంది. పాతదాంట్లో 15, 17, 19. కొత్తదాంట్లో 15 తర్వాత 18. సోలార్ ట్రాక్ మీద ఏ కేసెట్ అయినా ఒకటే అనుకున్నాను గానీ, ఎదురుగాలి లేనప్పుడు, 50కి 17 నాకు గంటకు 26 దగ్గర చక్కగా కుదిరేది. ఇప్పుడు 18 వేస్తే కాళ్ళు పరుగెడతాయి, 15 వేస్తే బరువు. చదునులోనే తొక్కేవాళ్ళకు ఈ మార్పు చేయించుకోమని చెప్పను.

రాత్రి పక్క ఫ్లాట్ తమ్ముడు వచ్చాడు. "అన్నా, నాకు గూడ గట్లనే ఏపియ్యరాదే." కిందికి పోయి ఫోన్ వెలుగులో చూశాను. అతనిది ఏడు గేర్ల సైకిలు, హబ్‌కి మర బిగించే ఫ్రీవీల్. కేసెట్ పట్టదు. అమ్మినవాళ్ళు మాత్రం కేసెట్ అనే చెప్పారట. వాటికి 14-34 ఫ్రీవీల్ దొరుకుతుంది, 24 తర్వాత ఒకే గెంతు 34కి. ముందుగా అతని డెరేలియర్ ఎంతవరకు పడుతుందో చూడాలి.

"శనివారం చందానగర్ పోదాం, సైకిల్ తొక్కుకుంటనే రా" అన్నాను.

"ఆ మిట్టల మీదనా? కారుల ఏసుకొస్త అన్నా" అన్నాడు.