నీళ్ళు పారే వైపు

విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దగ్గర నిండు నీటిమట్టం 57 అడుగులు. అక్కణ్ణించి బంగాళాఖాతం దాకా కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలకి దక్కే వాలంతా ఆ 57 అడుగుల్లోనే. నీళ్ళు పారడానికి ఆ మాత్రం చాలు. సైకిలు తొక్కేవాళ్ళకి అంతకన్నా వరం లేదు. తెనాలి, రేపల్లె, బాపట్ల మధ్య ఎక్కడా ఎత్తెక్కే పని ఉండదు, గేర్ల సైకిలు అక్కర్లేదు. కావలసిందల్లా లారీలూ బస్సులూ తిరగని దారి. కాలువ కట్టలు, మురుగు కాలువల గట్లు, చేల మధ్య డొంకల రూపంలో అది ఇక్కడ ఎప్పణ్ణించో ఉంది. మొన్నటి ధనుర్మాసంలో తెనాలి నుంచి రేపల్లెకీ, అక్కణ్ణించి బాపట్లకీ వీలైనంత మేరకు ఆ దారులు పట్టుకునే వెళ్ళాను.

తెనాలి ఊళ్ళోంచి మూడు కాలువలు పారతాయి. ఆంధ్రా ప్యారిస్ అని ఊరికి పేరు రావడంలో నాటకాల వాళ్ళకీ రచయితలకీ ఎంత వాటా ఉందో ఈ కాలువలకీ అంత ఉంది. తెల్లారకముందే బయల్దేరాను. వీధుల్లో ముగ్గులు అప్పటికే పూర్తయ్యాయి. సైకిలు చక్రం ముగ్గు మీదికి పోకుండా పక్కకి తీసుకుంటూ నిజాంపట్నం కాలువ కట్ట ఎక్కాను. ఊరి చివరి ఇళ్ళు దాటగానే మోటారు చప్పుడు వెనకబడింది. మంచు తెర ఇంకా లేవలేదు. అవతలి గట్టు కనపడటం లేదు గానీ అక్కడ ఎవరో బట్టలుతుకుతున్న చప్పుడు మాత్రం స్పష్టంగా వినపడుతోంది.

ఈ నీళ్ళ వెనక ఒక కరువు ఉంది. 1832-33లో గుంటూరు సీమని డొక్కల కరువు ఊడ్చేసింది. కృష్ణ పక్కనే పారుతున్నా ఆ నీళ్ళు చేలకి ఎక్కే దారి లేక జనం మాడిపోయారు. ఆ తర్వాత 1852లో బెజవాడ దగ్గర ఆనకట్ట పని మొదలై 1855కి పూర్తయింది. ఆ ఆనకట్టకి 1952లో గండి పడితే, దాని ఎగువన కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957లో అందుబాటులోకి వచ్చింది. నేను తొక్కుతున్న కట్ట ఆ మొదటి కాలువల తవ్వకంలో లేచిన మట్టే.

ఆ రోజుల్లో పెద్ద కాలువలు పంటలకే కాదు, పడవలకి కూడా దారులు. కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువతో కలిసేది. ధాన్యం, ఉప్పు, కట్టెలు వేసుకుని పడవలు మద్రాసు దాకా పోయేవి. గాలి లేనప్పుడు మనుషులు కట్ట మీదికి దిగి, భుజానికి తాడు వేసుకుని పడవని లాగుతూ నడిచేవాళ్ళు. కట్ట మీద దారి తెగకుండా సాగడం వాళ్ళకి బతుకుతెరువు. మనిషి అడుగుకి సరిపోయిన ఆ దారి సైకిలు చక్రానికీ చక్కగా సరిపోతుంది. ఫ్రాన్సులో 1681లో పూర్తయిన కెనాల్ దు మిది గట్టు మీద ఇవాళ దేశదేశాల వాళ్ళు సైకిళ్ళు తొక్కుతున్నారు. ఆ గట్టు పుట్టుకా ఇదే, పడవలు లాగడానికి వేసిన దారి. మన కట్టలకి లేనిదల్లా అలా చూసే చూపు.

పొద్దెక్కాక కాలువ దిగి వేమూరు వైపు డొంక పట్టాను. డొంక అంటే రెండు బండి చాళ్ళు, నడుమ గడ్డి, రెండు పక్కలా తుమ్మలు, తాళ్ళు. తెల్లారి కురిసిన మంచుకి మట్టి అణిగి, దుమ్ము లేవడం లేదు. వరి కోతలు అయిపోయాయి. చేలల్లో కుప్పలు నిలబడి ఉన్నాయి. దూరానికి కోసిన మళ్ళన్నీ ఎండు రంగులోనే కనపడతాయి గానీ, దగ్గరికి వెళ్ళి చూస్తే వరి మొదళ్ళ మధ్య నేలంతా పచ్చగా ఉంది. మినుము.

గట్టు మీద కూర్చున్న ఒక పెద్దాయన నన్ను చూసి, "ఏ ఊరు బాబూ మనది? సైకిలేసుకుని ఇట్టా వచ్చావు?" అన్నాడు.

రేపల్లె పోతున్నానని చెప్పి, "మినుము ఎప్పుడు చల్లారు బాబాయ్?" అని అడిగాను.

"చేను నిలబడుండగానే. కోతకి రెండు మూడు రోజులుందనగా చల్లేశాం. కోసేవాళ్ళ కాళ్ళ కిందే మొలిచింది. దుక్కి లేదు, తడి లేదు."

వంగి ఒక మొక్కని వేళ్ళతో పక్కకి వంచి చూపించాడు. వరి మోడుకి ఆనుకుని జానెడు కూడా లేని మొక్క. నాలుగైదు ఆకుల మీద మంచు బొట్లు. మట్టి మీద సన్నగా నెర్రెలు పడుతున్నా లోపల ఇంకా చెమ్మ ఉంది. వరి వదిలిపెట్టిన ఆ చెమ్మతోనూ, పైనుంచి పడే మంచుతోనూ ఈ పంట గట్టెక్కుతుంది. "మిషను దించితే మినుము నలిగిపోద్ది. అందుకే ఈ చెక్క వరకూ మనుషుల్ని పెట్టి కోయించా," అన్నాడు. తర్వాత దారి చెప్పాడు. "రోడ్డెక్కబాక. ఈ డొంకనే పో. రైలు కట్ట కనపడుద్ది, దాన్ని ఎడం పక్కన పెట్టుకుని పో."

ఆ రైలు కట్ట తెనాలి, రేపల్లె లైనుది. 1916లో వచ్చిన ఈ లైను రేపల్లెతో ఆగిపోతుంది. వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లికోన, అన్నీ చిన్న స్టేషన్లే. రైలు వచ్చే వేళకి నలుగురు పోగవుతారు, పోయాక మళ్ళీ ఎవరూ ఉండరు. ఒక స్టేషన్లో కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుని, చెట్టు కింద కూర్చుని, తెనాలిలో కట్టించుకున్న ఇడ్లీ పొట్లం విప్పాను.

భట్టిప్రోలులో విక్రమార్క కోట దిబ్బ దగ్గర సైకిలు ఆపాను. ఇప్పుడక్కడ మిగిలింది స్తూపం అడుగుభాగం, ఇటుకల గుండ్రటి వేదిక. 1892లో అలెగ్జాండర్ రే తవ్వినప్పుడు ధాతువుల పేటికలు బయటపడ్డాయి. వాటి మీది బ్రాహ్మీ రాతల్లో కుబీరకుడనే రాజు పేరుంది. తెలుగు లిపి పుట్టుపూర్వోత్తరాలు వెతికేవాళ్ళు ఇప్పటికీ ఆ అక్షరాల దగ్గరికి వస్తారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఈ స్తూపం పైభాగం కూల్చి, ఇటుకల్నీ రాళ్ళనీ రోడ్డు పనులకీ కాలువ కట్టడాలకీ తరలించారు. ఆ సంగతి తెలిసి అక్కడ నిలబడితే మనసు రెండు వైపులా లాగుతుంది. కరువు సీమకి అన్నం పెట్టిన కాలువ అది. దాదాపు రెండు వేల ఏళ్ళు నిలబడ్డ కట్టడం ఇది. ఇంత దగ్గరలో ఉన్న ఈ రెండింటినీ ఒకే పూటలో, ఒకే మట్టిదారి మీద చూడటం సైకిలు వల్లనే కుదిరింది. కారులో పోయేవాళ్ళకి ఊరి మలుపులో ఒక బోర్డు కనపడి పోతుంది, అంతే.

సాయంత్రానికి రేపల్లె చేరాను. పెనుమూడి, పులిగడ్డ మధ్య కృష్ణ మీద వంతెన పడక ముందు దివిసీమకి పోయేవాళ్ళు ఇక్కణ్ణించే పడవ దాటేవాళ్ళు. వంతెన వచ్చాక ఆ అవస్థ తీరింది. దానితోపాటే 216వ నంబరు జాతీయ రహదారి మీద రద్దీ పెరిగింది. మర్నాడు పొద్దున్నే రేపల్లె దాటడానికి కాసేపు ఆ రోడ్డు మీద పోక తప్పలేదు. రొయ్యలూ చేపలూ ఎక్కించుకున్న లారీలు పక్కనుంచి పోతుంటే హ్యాండిలు గట్టిగా పట్టుకోవడం తప్ప మరి దేన్నీ చూసే తీరిక ఉండదు. పంట, పిట్ట, మనిషి ఏదీ కంటికి ఆనదు. దారి దొరకగానే డ్రెయిను గట్టు మీదికి దిగిపోయాను.

డ్రెయిను గట్లు కాలువ కట్టలంత శుభ్రంగా ఉండవు. ముళ్ళుంటాయి. పంచరు సామాను దగ్గర లేకుండా ఇటు రాకూడదు. నీళ్ళని గుర్రపుడెక్క కప్పేసిన చోట వాసన కూడా ఉంటుంది. కానీ పిట్టలకి కొదవ లేదు. నత్తలు ఏరుకునే కొంగలు, కరెంటు తీగ మీద లకుముకి పిట్టలు, చేల మీద పాలపిట్టలు. సైకిలుకి చప్పుడు లేదు కాబట్టి అవి లేచిపోవు. నిజాంపట్నం వైపు పోయేకొద్దీ వరి తగ్గి చెరువులు మొదలయ్యాయి. రొయ్యల చెరువుల్లో నీటిని చిలికే చక్రాలు తిరుగుతుంటాయి. గాలిలో ఉప్పు తెలుస్తుంది. దక్షిణాన మడ అడవులు, వాటి వెనక సముద్రం. 1611లో ఇంగ్లీషు వాళ్ళ గ్లోబ్ అనే ఓడ వచ్చి ఆగింది ఈ తీరానే.

కర్లపాలెం దాటాక నేల మారిపోయింది. నల్లమట్టి పోయి ఇసుక వచ్చింది. చక్రం దిగబడి, చాలాచోట్ల సైకిలు నడిపించుకుంటూ పోయాను. సరుగుడు తోటలు, జీడిమామిడి, నడుమ చిన్న చిన్న మళ్ళలో ఆకుకూరలు. కాలువ నీళ్ళు అందని ఈ ఇసుక భూముల్ని బతికించినవి దొరువులు. వాలుగా తవ్విన గుంట అది. మెట్లంటూ లేవు, ఇసుకలో నడుచుకుంటూ నీళ్ళలోకి దిగిపోవడమే. ఒకామె రెండు కుండలతో దిగి, వంగకుండానే రెండూ ఒకేసారి ముంచి, పైకొచ్చి తోటకూర మడి మీద జల్లుగా పోస్తోంది. పక్క చేల్లో మోటారు పైపులున్నాయి. "మోటారు నీళ్ళు ధారగా పడితే నారు పడిపోద్దయ్యా, చేత్తో పోస్తేనే నిలబడుద్ది," అంది ఆమె. బాపట్ల వ్యవసాయ కళాశాల అక్కణ్ణించి ఎంతో దూరం లేదు. 1945లో పెట్టిన ఆ కళాశాల ఉన్న ఊళ్ళోనే బీపీటీ 5204, అంటే సాంబ మసూరి పుట్టింది. 1986లో విడుదలైన ఆ బియ్యం మన కంచాల్లోకి చేరి చాలా ఏళ్ళయింది.

దారి పొడుగునా నన్ను కలవరపెట్టిన సంగతి ఒకటుంది. చాలా డొంకలు సన్నబడిపోతున్నాయి. రెండు పక్కల చేలూ ఏటా కాస్త కాస్త లోపలికి జరిగితే బండి పట్టే దారి కాలిబాట అవుతుంది, కాలిబాట గట్టవుతుంది. ఊళ్ళ దగ్గర కాలువ కట్టలు చెత్త పారబోసే చోట్లయ్యాయి. కట్ట వెడల్పు చేసిన చోట పెద్ద చెట్లు పోయాయి. డొంక ఊరందరిదీ. గ్రామ పటంలో దానికి కొలత ఉంటుంది. ఆ కొలత మేరకు హద్దురాళ్ళు నాటితే, కట్టల మీద నిద్రగన్నేరో గానుగో పెంచితే, లాకుల దగ్గర తాగే నీళ్ళూ ఏ ఊరు ఎటో చెప్పే పలకా పెడితే చాలు. కోట్లు పోసి సైకిలు ట్రాకులు వేసే ఊళ్ళకి దొరకని దారి ఈ డెల్టాకి ఉత్తినే దొరుకుతుంది. దాని మీద బడికి సైకిళ్ళేసుకుని పోయే ఆడపిల్లలు నాకు ప్రతి ఊరి దగ్గరా ఎదురయ్యారు. ఈ దారి ముందు వాళ్ళది, తర్వాతే నాలాంటి యాత్రికులది.

వెళ్ళాలనుకునేవాళ్ళు కార్తీకం నుంచి సంక్రాంతి మధ్య వెళ్ళండి. వానల్లో నల్లమట్టి చక్రానికి చుట్టుకుంటుంది, ఎండాకాలం కాలువల్లో నీళ్ళుండవు. రెండు ట్యూబులు, గాలి పంపు, నీళ్ళ సీసా పెట్టుకుంటే చాలు. దారి తెలియకపోతే పొలంలో ఉన్నవాళ్ళని అడగండి. రోడ్డు చెప్పబోతే, డొంక చెప్పమని అడగండి. డొంక అడిగే మనుషులు ఉన్నంత కాలం దాన్ని కలిపేసుకోవడం ఎవరికీ అంత తేలిక కాదు.