మాయాబజార్ నాది, కొరియా సీరియల్ ఆవిడది

యాంగోన్‌లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. అందుకే రాత్రి ఏం చూడాలన్న గొడవ మా ఇంట్లో తొందరగా తేలాలి. మా ఆవిడ ఇక్కడే పుట్టింది. ముత్తాతలు ఓడెక్కి రంగూను వచ్చిన గోదావరి వాళ్లు. ఆవిడకి కొరియా సీరియళ్లంటే ప్రాణం. నాకేమో 1957 నాటి ‘మాయాబజార్’.

‘ఎన్నిసార్లు చూస్తారండీ అదే?’ అంటుంది. సావిత్రిని చూడమంటాను. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు కదా! ఎస్వీ రంగారావు ఠీవినంతా ఒంట్లో నింపుకుని, పెళ్లిపీటల మీద రేలంగి కాలు తొక్కుతుంది. అక్కడ మాత్రం ఆవిడా పకపకా నవ్వేస్తుంది.

తన వంతు వస్తే 2003 నాటి ‘జ్యుయెల్ ఇన్ ది ప్యాలెస్’ పెడుతుంది. రాజుగారి వంటశాలలో కూరకి తీపి ఎక్కడిదో పెద్దలకే అంతుపట్టదు. చిన్నారి జాంగ్ గమ్ రుచి చూసి పండిన పెర్సిమన్ అని పట్టేస్తుంది. ఎలా తెలిసిందంటే, నోట్లో ఆ రుచే తగిలిందంటుంది, అంతే.

తీరా చూస్తే ఇద్దరికీ నచ్చింది వంటశాలే. నా ఘటోత్కచుడు వివాహభోజనం ఊడ్చేసినవాడే కదా. అభిరుచులు కలవకపోయినా కాపురం సాగుతుంది. ఎదుటి మనిషి ఏ సీన్ కోసం కాచుక్కూర్చుంటారో తెలిస్తే, ఆ కాసేపూ ఫోన్ పక్కన పెడితే చాలు.