తరంగంబాడి ప్రయాణం – తిరిగి వచ్చిన ఎనిమిది వందలు



తరంగంబాడి పేరు మన సంఘాలలో చాలామంది వినే ఉంటారు. తమిళనాడులో, మయిలాడుదురై పట్టణానికి దాదాపు 30 కిలోమీటర్ల దూరాన, సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరు అది. డెన్మార్క్ దేశపు వర్తకులు 1620లో అక్కడ కోట కట్టుకొన్నారు. 1706 జూలై 9న సీగన్‌బాల్గ్, ప్లూచౌ అనే ఇద్దరు యౌవన సేవకులు ఆ ఒడ్డున దిగారు. భారతదేశంలో ప్రొటెస్టెంట్ మిషను సేవ ఆ దినాన మొదలైంది. అటువంటి స్థలాన్ని ఒక్కసారైనా కళ్ళారా చూడాలని మా సంఘం ఎన్నో ఏళ్ళు ఆశపడింది.

2020లో ఆ ఆశ తీరబోతున్నదనుకొన్నాము. ఏప్రిల్ 12 ఈస్టరు పండుగ. ఉదయం ఆరాధన ముగించుకొని, సాయంత్రం రైలెక్కి, మరునాటికి అక్కడికి చేరాలని నిర్ణయించాము. పిల్లలతో కలిపి మొత్తం 36 మందిమి. ఆ ప్రాంతంలో ఒక చిన్న లాడ్జిలో ఎనిమిది గదులు, మూడు రాత్రులకు మాట్లాడాము. గదికి రాత్రికి 1,200 చొప్పున 28,800 రూపాయలు. పండుగ రోజులు గనుక మొత్తం ముందే పంపమన్నారు, పంపాము. తలకు 800 రూపాయలు పడింది. కూలిపని చేసేవారు, పాలు పోసేవారు, చిన్న కొట్టు పెట్టుకొన్నవారు రూపాయి రూపాయి కూడబెట్టి ఇచ్చిన డబ్బు అది.

తరువాత సంగతి మీకందరికీ తెలిసిందే. మార్చి 22 నుండి ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాయి. 25 నుండి దేశమంతా లాక్‌డౌన్. ముందు ఏప్రిల్ 14 వరకు అన్నారు, ఆ దినానే మే 3 వరకు పొడిగించారు. ఆ ఏడు ఈస్టరు ఆరాధన కూడా ఎవరిళ్ళలో వారే చేసుకొన్నాము. మందిరం తలుపులకు తాళం వేసి ఉండగా తరంగంబాడి మాట ఎవరెత్తుతారు?

రైలు డబ్బుకు ఇబ్బంది రాలేదు. రైళ్ళు రైల్వేవారే రద్దు చేశారు గనుక పూర్తి సొమ్ము తిరిగి ఇచ్చారు. కౌంటరులో కొన్న టిక్కెట్లకు గడువు కూడా పెంచారు. లాడ్జికి ఫోను చేస్తే మాత్రం, “అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదని రసీదు మీద రాసి ఉంది. ఏడాదిలోగా ఎప్పుడైనా వచ్చి ఉండండి” అన్నారు. ఏడాదిలో రోగం తగ్గుతుందో లేదో, ఎవరుంటారో ఎవరు పోతారో తెలియని రోజులవి.

మే నెలలో ఒక ఉదయం, పాలు పోసి జీవించే మామ్మ ఒకామె పార్సనేజి అరుగు దగ్గర దూరంగా నిలబడి అడిగింది. “అయ్యగారూ, ఆ లాడ్జి డబ్బులు వస్తాయంటారా? బి.పి. మాత్రలు అయిపోయాయండి.” ఆమె విధవరాలు. హోటళ్ళు మూసివేయడంతో పాలు కొనేవారు లేరు. ఆమెకు మందులు కొనిపెట్టాము గాని, ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాము. డబ్బు పోగుచేసింది మేము, పంపింది మేము. జవాబు చెప్పవలసిందీ మేమే.

సంఘ పెద్దలను సమావేశపరిస్తే రెండు మాటలు వచ్చాయి. “మనము విశ్వాసులం. వ్యాజ్యాలు మనకెందుకు? కొరింథీయులకు మొదటి పత్రిక ఆరవ అధ్యాయం చదవలేదా?” అని ఒక పెద్దాయన అన్నారు. “అది సహోదరుల మధ్య తగవుల గురించి గదండీ. ఫిలిప్పీలో అధికారులు రహస్యంగా పంపివేయబోతే, పౌలు తాను రోమా పౌరుడనని చెప్పి, వారే వచ్చి బయటికి తీసుకొని వెళ్ళాలని పట్టుబట్టలేదా?” అని యవనస్థుల నాయకుడు అన్నాడు. ఇద్దరి మాటలోనూ సత్యముంది. చివరికి నిర్గమకాండం 22వ అధ్యాయం తీసి చదువుకొన్నాము. పొరుగువానికి అప్పగించిన సొమ్ము గురించి, విధవరాలిని బాధపెట్టకూడదనే ఆజ్ఞ గురించి, బీదవాని వద్ద తాకట్టుగా తీసుకొన్న వస్త్రాన్ని ప్రొద్దు గుంకకముందే తిరిగి ఇవ్వడం గురించి, ఈ మూడూ ఆ ఒక్క అధ్యాయంలోనే ఉన్నాయి. మా స్వంత డబ్బయితే వదులుకోవచ్చు. బీదల డబ్బును వారి తరఫున వదులుకొనే అధికారం మాకు లేదని అందరం ఒప్పుకొన్నాము.

పట్నంలో వకీలుగా ఉన్న ఒక విశ్వాసిని సలహా అడిగాము. ఆయన చెప్పింది మీకు కూడా ఉపయోగపడుతుందని వ్రాస్తున్నాము. విమాన టిక్కెట్ల గురించి సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 1న ప్రత్యేకంగా తీర్పు చెప్పింది గాని, అది హోటలు గదులకు వర్తించదు. గదుల విషయంలో 1872 నాటి భారత ఒప్పందాల చట్టమే ఆధారం. దానిలో 56వ సెక్షను ప్రకారం, ఒప్పందం చేసుకొన్న తరువాత ఎవరి తప్పూ లేకుండా ఆ పని అసాధ్యమైనా, చట్టవిరుద్ధమైనా ఆ ఒప్పందం చెల్లకుండా పోతుంది. అలా చెల్లకుండా పోయిన ఒప్పందం వలన లాభం పొందినవారు దానిని తిరిగి ఇవ్వాలని 65వ సెక్షను చెబుతుంది. అయితే ఇటువంటి ఆపద వస్తే ఏమి చేయాలో ఒప్పందంలోనే ముందుగా వ్రాసుకొని ఉంటే, మొదట ఆ షరతునే చూస్తారు. గనుక రసీదు వెనుక చిన్న అక్షరాలు కూడా చదవాలి.

ఇంకొక తేడా కూడా ఆయన చెప్పారు. ప్రభుత్వమే ప్రయాణం నిషేధించిన తేదీలు వేరు. దారి తెరిచే ఉండగా మనమే భయపడి మానుకొన్న తేదీలు వేరు. రెండవ దానిలో లాడ్జివారి రద్దు నియమాలే ముందుకు వస్తాయి. మా తేదీలు ఏప్రిల్ 13, 14, 15. మూడూ లాక్‌డౌన్ లోపలే ఉన్నాయి. మేము వెళ్ళలేము, వారు గది ఇవ్వలేరు. తప్పు ఇరువైపులా లేదు. అలాంటప్పుడు నష్టమంతా ఒక్కవైపే పడడం న్యాయం కాదు.

జూన్ నెలలో ఉత్తరం వ్రాశాము. కోపపు మాట ఒక్కటీ లేకుండా తేదీలు, గదుల సంఖ్య, పంపిన సొమ్ము, రైళ్ళు రద్దయిన సంగతి, అడిగే మొత్తం వరుసగా వ్రాశాము. రసీదు నకలు, బ్యాంకు కాగితం జతపరచి, పదిహేను దినములలో జవాబు కోరి రిజిస్టరు పోస్టులో పంపాము. చివర ఒక మాట చేర్చాము: “మీ కష్టం కూడా మాకు తెలుసు. ఒకేసారి ఇవ్వలేకపోతే వాయిదాలలో ఇవ్వండి.”

పది రోజులకు లాడ్జి యజమానే ఫోను చేశారు. ఆయనకు తమిళం, కొంచెం ఇంగ్లీషు. మాకు తెలుగు, అదే కొంచెం ఇంగ్లీషు. అయినా ఆయన బాధ అర్థమైంది. గదులన్నీ ఖాళీ, పనివాళ్ళకు జీతాలు ఇవ్వాలి. “ఇంతవరకు అందరూ తిట్టారు. వాయిదా అన్నది మీరే” అన్నారు. ఆగస్టు, అక్టోబరు, డిసెంబరు నెలల్లో 9,600 చొప్పున మూడుసార్లు పంపారు. మొదటి వాయిదాలోనే మామ్మ 800 ఆమె చేతిలో పెట్టాము. ఆమె నోటు నోటుగా లెక్కపెట్టుకొని, 80 రూపాయలు దశమభాగమని వేరు చేసింది. వద్దనడానికి మాకు నోరు రాలేదు.

2023 ఫిబ్రవరిలో ప్రభువు దారి తెరిచాడు. 36 మందిలో 29 మందిమే వెళ్ళగలిగాము. ఇద్దరు రెండవ విడత కరోనాలో ప్రభువు నందు నిద్రించారు. మామ్మ మాత్రం మోకాళ్ళకు పట్టీలు కట్టుకొని బయలుదేరింది. దిగింది ఆ లాడ్జిలోనే. ఈసారి రసీదు మీద, ప్రభుత్వ నిషేధం వలన గాని తుఫాను వలన గాని రాలేకపోతే పూర్తి సొమ్ము తిరిగి ఇవ్వబడునని యజమాని తన చేత్తోనే వ్రాసి ఇచ్చారు.

పాత ఊరి ద్వారం దాటి లోనికి వెళితే నేరుగా సముద్రం కనబడుతుంది. దారిలోనే 1718లో కట్టిన న్యూ జెరూసలేము దేవాలయం. సీగన్‌బాల్గ్ గారి సమాధి దాని లోపలే ఉన్నది. 1719లో, నలభై ఏళ్ళయినా నిండకముందే ఆయన కన్నుమూశారు. అప్పటికే తమిళ క్రొత్త నిబంధన 1715లో అచ్చయింది. ఆయన వెనుక వచ్చిన షుల్జ్ అనే సేవకుడు తరువాత మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకొన్నాడు. ఆయన తెలుగు పుస్తకాలు 1740లలో జర్మనీలోని హాలే పట్టణంలో అచ్చయ్యాయి. మన తెలుగు అచ్చుకు కూడా ఈ ఊరితో బంధుత్వమున్నదని తెలిసి పిల్లలు ఆశ్చర్యపోయారు.

కోటలోనికి వెళ్ళినప్పుడు మరొక సంగతి జ్ఞాపకం చేసుకొన్నాము. సీగన్‌బాల్గ్ గారిని కోట అధికారి 1708లో బంధించి, నాలుగు నెలలకు పైగా చెరలో ఉంచాడు. కారణమేమిటి? చనిపోయిన ఒక మంగలివాని భార్యకు అప్పు తగవులో అన్యాయం జరుగుతున్నదని ఆయన ఆమె పక్షాన నిలబడ్డాడు. అధికారి తన ఎదుటికి రమ్మని కబురు పంపితే, పిలుపు కాగితం మీద వ్రాసి పంపమని అడిగాడు.

ఇది చెప్పగానే మామ్మ చల్లని గోడకు చెయ్యి ఆనించి, “అయితే ఆ దొరగారు కూడా విధవరాలి డబ్బు కోసమే జైలుకెళ్ళాడా అయ్యగారూ!” అన్నది. ఆ తరువాత చాలాసేపు సముద్రంవైపు చూస్తూ కూర్చున్నది.

ప్రియులారా, 2020 నాటి బుకింగులకు ఫిర్యాదు గడువు ఇప్పుడు దాటిపోయింది. అయితే తుఫానులు, వరదలు, కర్ఫ్యూలు మనకు క్రొత్త కాదు. బుక్ చేసేటప్పుడే షరతు వ్రాయించుకోండి. రసీదు దాచుకోండి. అడగవలసి వస్తే ముందు మర్యాదగా ఉత్తరం వ్రాసి, పోస్టు రసీదు కూడా భద్రపరచండి. వినకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయవచ్చు. అప్పటికీ కాకపోతే రెండేళ్ళలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు లేదు. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు, లాడ్జి ఉన్న ఊరికి పరుగెత్తనక్కరలేదు.

న్యాయం అడగడం ప్రేమ లేకపోవడం కాదు. అడిగే తీరులో ప్రేమ ఉండాలి, అంతే. మా 800 రూపాయలు తిరిగి వచ్చాయి, దానితోపాటు తరంగంబాడిలో ఒక స్నేహితుడు కూడా దొరికాడు.

ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక. ఆమేన్.