నవాబుపేట పైకములో చుక్క నోటులు

హైదరాబాదునుండి వాడీకిఁ బోవు రైలుమార్గమున, శంకరపల్లి దాటి వికారాబాదు చేరులోపల, చిట్టిగిద్ద యను చిన్న స్టేషను గలదు. నిజాముల కాలమున 1874లోఁ దెఱవఁబడిన మార్గమిది. ఆ స్టేషను మా నవాబుపేట మండలములోనిదే. ఇచటికి వచ్చిన చుట్టములు చూడఁదగిన వింత యేమని యడిగినచో నేను కోటను గాని కోనేటిని గాని చూపను. అంగడిలోఁ జేతులు మాఱు పైకమును జూపుదును.

మా ప్రాంతపుఁ గూరగాయలు తెల్లవాఱకముందే పట్టణమునకుఁ బోవును. వాని వెల నోటులై తిరిగి వచ్చును. ఈ కాలమున ఫోను చూపి చెల్లించుట యెంత పెరిఁగినను, కూలికిని, పాలకును, ఉప్పుపప్పులకును పదులు, ఇరువదులు, నూఱులు కావలసినవే. మడఁతలు పడి, పసుపు మరకలంటి, కొత్తిమీర వాసన వేయు నా కాగితములను మనము వెల మాత్రమే చూచి డబ్బాలో వేసికొందుము. వానిపైని సంఖ్యను జదువువారెందఱు?

నోటుపై ఎడమవైపు పైభాగమునను, కుడివైపు క్రిందిభాగమునను సంఖ్య యుండును. మొదట అంకెలును ఆంగ్లాక్షరములును గలిసిన మూడు గుర్తులు, పిదప ఆఱంకెలు. కొన్నిటిపై ఈ రెంటి నడుమ నొక చిన్న చుక్క కానవచ్చును. అది మచ్చ కాదు, అచ్చుతప్పు కాదు. ముద్రణాలయమున నొక నోటు చెడిపోయినప్పుడు దాని బదులు కట్టలోఁ జేర్చిన నోటునకు నక్షత్రపు గుర్తు పెట్టుదురు. పూర్వము క్రొత్తకట్టలో నూఱు నోటుల సంఖ్యలును వరుసగా నుండవలెను. 2006లో రిజర్వుబ్యాంకు ఈ చుక్క పద్ధతిని దెచ్చెను. అట్టి కట్టలోను నూఱు నోటులే యుండును గాని వరుస తప్పును. కట్టు కాగితముపై నా సంగతి సూచింతురు. 2016లో వచ్చిన క్రొత్త యయిదువందల నోటులందును చుక్కగలవి వెలువడినవి. సాధారణపు నోటులకంటెఁ దక్కువగా దొరకుటచేతనే సేకర్తలు వీనికై వెదకుదురు.

కాని యెఱుఁగనిచోట ఈ చుక్కయే చిక్కు తెచ్చును. మా వీథిలోని యొక అవ్వకు టమాటాల పైకములో చుక్కగల యయిదువందల నోటు వచ్చినది. మందులకై పోఁగా నొక కొట్టువాఁడు దానిని ద్రోసివేసెను. ఆమె కొంగున ముడివేసికొని మా యింటికి వచ్చి, “పంతులమ్మా, గీ నోటు మీద చుక్కున్నది, చెల్లదంటున్నరు. జర సూడు బిడ్డా” అని యడిగెను. నేను నోటును వంచి చూచితిని. నడిమి దారము ఆకుపచ్చనుండి నీలమునకు మాఱుచున్నది. వెలుఁగునకుఁ బట్టఁగా గాంధీగారి నీడ కానవచ్చుచున్నది. అంచులను వ్రేలితోఁ దడవిన నైదేసి గీఁతలు చేతికిఁ దగులుచున్నవి. అన్నియు సరిగానే యున్నవి. 2023 జూలైలో ఇట్టి పుకారులే దేశమంతట వ్యాపింపఁగా, చుక్క నోటు తక్కిన నోటులవలెనే చెల్లునని రిజర్వుబ్యాంకు ప్రకటించెను. మా వారు ఆ ప్రకటనను ఫోనులోఁ జూపిన పిదప కొట్టువాఁడు మాఱాడక పుచ్చుకొనెను.

“మరి చుక్కెందుకు వెట్టిండ్రు?” అని అవ్వ యడుగఁగా నేను సంగతి చెప్పితిని. ఆమె విని, “గట్లనా! ఒకామె రాకుంటె ఇంకొకామె కూలికి వచ్చినట్టు. కూలి మాత్రం సమానమే గద!” అనెను. ఇంతకంటెఁ జక్కని వ్యాఖ్యానము నాకుఁ దోఁచలేదు.

చుక్క కాక సంఖ్యల వేడుక వేఱు. మా పొరుగున నున్న ముసల్మాను సోదరి 786 గల నోటును ఖర్చుపెట్టదు. అక్షరములకు విలువలు గట్టు అబ్జద్ లెక్కలో వారి బిస్మిల్లా వాక్యపు మొత్తము 786 అగును. మన కటపయాది వంటి పద్ధతియే యది. ఆమె భక్తికి నేను నమస్కరింతును. కాని యా నోటు అరుదని లక్షలు చెప్పు మాటలు వేఱు. కాగితము తీసికొని లెక్క వేసితిని: ఆఱంకెల సంఖ్యలు పది లక్షలలో 786 ఎక్కడనో యొకచోఁ గలవి సుమారు నాలుగువేలు. అనఁగా రెండువందల యేఁబది నోటులు లెక్కించువారి కొకటి దొరకును. “వికటకవి” వలె నెటు చదివినను ఒకటిగా నుండు 482284 వంటివి సుమారు వేయి. ఒకే యంకె ఆఱుమార్లు వచ్చునవి తొమ్మిదే! నిజమైన యరుదు ఇచట నున్నది.

ఈ లెక్క తెలియని యిల్లాండ్రను మోసగించువారు గలరు. పాతనోటు కొందుమని చెప్పి ముందుగా రుసుము, పన్ను పంపుమందురు. తన పేరుతో నిట్లడుగువారిని నమ్మవలదని, తా నట్టి వ్యాపారము చేయనని, 2021 ఆగస్టులో రిజర్వుబ్యాంకు హెచ్చరించినది. కొనువాఁడు డబ్బిచ్చునా, అడుగునా?

మా పెద్దల పెట్టెలలో హాలీ సిక్కా కాగితములు దొరకిన మాత్రము పారవేయకుఁడు. నిజాము ప్రభుత్వము 1918లో నోటులు ప్రారంభించెను. వానిపై ఉర్దూతోపాటు మన తెలుఁగును గలదు. ఏడు హాలీ రూపాయలు ఆఱు ఇంగ్లీషు రూపాయలకు సమానము. నూఱింటికి లెక్కింపఁగా నూటపదాఱు రూపాయల పదియణాల ఎనిమిది పైలు. మన చదివింపుల నూటపదాఱు దీనినుండియే వచ్చినదని కొందఱందురు. ఆ సిక్కా 1959 వఱకుఁ జెల్లినది.

నాణెములపై నింకొక చుక్క యున్నది, దానిని దీనితోఁ గలపరాదు. సంవత్సరము క్రింద నైదు కోణముల నక్షత్రమున్నచో అది హైదరాబాదు టంకశాలలోఁ దయారైనది. 1903 ప్రాంతమున సైఫాబాదునఁ గట్టిన యా శాల, 1997లో చర్లపల్లికి మాఱినది. బొంబాయి నాణెమునకు వజ్రాకారము, నోయిడా దానికి బిందువు, కలకత్తా దానికి గుర్తే లేదు. మొన్న మా పిల్లలు చిల్లర డబ్బా బోర్లించి ముప్పదియొక్క నాణెములు వెదకఁగా, పదునాల్గింటిపై మన చుక్కయే యున్నది.