కవరుపైని వ్రాఁత

జాబులోని సంగతిని దాఁచి, కవరుపై దానినే వ్రాసి పంపువాని నెవ్వరును వివేకి యనరు. అట్టి పనిని మేము తెలియకయే చాలకాలము చేయుచుంటిమి.

రెండేండ్ల క్రిందట మాకు మధుమేహము కలిగినది. ఇంటివారికిఁ దప్ప నితరులకుఁ జెప్పలేదు. అప్పనపల్లివంటి యూరిలో నొక యింటఁ దుమ్మినచోఁ బదియిండ్లవారు చిరంజీవ యందురు. పైఁగా మా యింటఁ బెండ్లికెదిగిన పిల్ల యున్నది. చక్కెరలెక్క వ్రాసికొనుటకు ఫోనులో నొక యాప్‌ను బెట్టుకొంటిమి. అందొకచోట నొక్కినచో, ఆహారనియమములను దెలుపు వేఱొకరి పుట యా యాప్‌లోనే తెఱచుకొనును. మేమెవరమో యెఱుఁగనివారి పుటను మఱుఁగునఁ జదువుచున్నామని తలఁచితిమి.

సంక్రాంతికి వచ్చిన మా పూర్వశిష్యుఁ డొకఁడు, హైదరాబాదులో యాప్‌లు వ్రాయువాఁడు, వైనతేయపు గట్టునఁ గూర్చుండి మా భ్రమను దీర్చెను. తాను వ్రాసిన చిన్న యాప్‌లోనుండి తాను నిలిపిన పుటనే తెఱచెను. తెఱవఁగానే యా యాప్ సంకేతనామము పుటపై గనఁబడెను. "మీరు చెప్పలేదండి మాస్టారూ, ఫోనే చెప్పేసింది" అనెను.

పుట కావలెనని ఫోను పంపు ప్రతి విన్నపమునకును ముందు కొన్ని పంక్తులుండును. వానిని హెడరులందురు, అవి కవరుపైని వ్రాఁతవంటివి. ఆండ్రాయిడు ఫోనులో యాప్ లోపల పుటలను జూపు కిటికీకి వెబ్‌వ్యూ యని పేరు. అది ఎక్స్-రిక్వెస్టెడ్-విత్ అను హెడరులో యాప్ సంకేతనామమును దనంతటఁ జేర్చి పంపుచు వచ్చినది. యాప్ పేరే వ్యాధి పేరైనప్పు డిఁక జాబును విప్పి చూడవలసిన పనియేమి?

ఈ వ్రాఁత కేవలము నిష్ప్రయోజనము కాదు. తమ పుటను దెఱచినది తమ యాప్‌యో, మోసగాని యాప్‌యో తెలిసికొనుటకుఁ గొందఱు దీనిని వాడుకొనిరి. అందుచేతనే 2023లో గూగుల్ సంస్థ, దీనిని దనంతటఁ బంపుట క్రమముగా మాని, ఏ స్థలములకుఁ బంపవలెనో యాప్ వ్రాసినవాఁడే నిర్ణయించుకొను నేర్పాటు చేయఁదలఁచితిమని ప్రకటించినది. అడుగనివారికిఁ జెప్పకుండుట మంచిదే. కాని పగ్గము ఫోను చేతిలోనుండి యాప్‌కర్త చేతికి వచ్చినదే కాని, చదువరి చేతికి రాలేదు.

చదువరి పక్షమునఁ బలుకు హెడరును గలదు. గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్ అను నా గుఱుతు "నా సమాచారమును విక్రయింపవలదు" అని చెప్పును. కాలిఫోర్నియాలో దానిని మన్నింపలేదన్న యారోపణతోఁ గూడిన వ్యాజ్యమున 2022లో సెఫోరా యను వర్తకసంస్థ 12 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడినది. అయినను, మనము వేఱొక బ్రౌజరులో నుంచుకొన్న యా గుఱుతు యాప్ లోపలి కిటికీకిఁ దనంతట రాదు. పెద్దవాకిట "వలదు" అని వ్రాసికొన్నవాని మాట దొడ్డివాకిటఁ జెల్లకున్నట్లున్నది.

ఆంతరంగికత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న మన సుప్రీంకోర్టులోని తొమ్మండుగురు న్యాయమూర్తు లేకగ్రీవముగాఁ జెప్పిరి. సమ్మతి స్వేచ్ఛగాను, విషయ మెఱిఁగియు నీయఁబడినదిగా నుండవలెనని 2023నాఁటి చట్టము చెప్పుచున్నది. కనఁబడని కవరుపైని వ్రాఁతకు మేమెప్పుడు సమ్మతించితిమి?

కావున యాప్‌కర్తలకుఁ బగ్గము నిండు, వలదనము. కాని చెప్పుమన్ననే తప్పఁ జెప్పకుండుట మొదటి నియమము కావలెను. ఫోనుగలవాఁడు "వలదు" అన్నచో, ఆ మాటను ఏ యాప్‌యు జాఱవిడువక పుటదాఁక మోయవలెను. మా వ్యాధిని నేఁడు మేమే యీ పత్రికలోఁ జెప్పుకొంటిమి. చెప్పుటకు సిగ్గుపడలేదు, చెప్పునది మేమై యుండవలెనని మాత్రమే మా కోరిక.