మా పదిగేర్ల సైకిలు

ఈ నాలుగు ముక్కలూ మేమిద్దరం కూర్చుని రాస్తున్నవి. అభిప్రాయభేదం వచ్చిన చోట మాలో ఆడవారి మాటే నెగ్గిందని ముందుగా మనవి చేసుకుంటున్నాము.

మనామాలో ఇప్పుడున్న ఫ్లాటులోకి మేము మారేనాటికి బాల్కనీలో ఒక సైకిలు ఉంది. ఉద్యోగం ముగిసి వెళ్ళిపోయేవారు కుండీలు, సోఫాలు, ఇస్త్రీ బల్లలు వదిలిపోవడం బహ్రెయిన్‌లో మనందరికీ అలవాటే గదా. ఇదీ ఆ కోవలోదే అనుకుని ఆరేళ్ళపాటు దాని హ్యాండిలు మీద తడి తువ్వాళ్ళు ఆరవేశాము. ఒకనాడు దుమ్ము తుడుస్తూంటే సీటు కింది గొట్టం మీద "రేనాల్డ్స్ 531" అన్న చీటీ కనిపించింది. బర్మింగ్‌హాంలోని రేనాల్డ్స్ వారు 1935లో తెచ్చిన ఉక్కు గొట్టం అది. పందెపు సైకిళ్ళలో దశాబ్దాల తరబడి దానికి గొప్ప పేరు. సైకిలేమో రాలీ. కిందికి వంగిన హ్యాండిలు, పది గేర్లు, 1970ల నాటి తయారీ. మన ఊళ్ళలో రాలీ అంటే డాక్టరుగారిది, లేకపోతే మునసబుగారిది. మనబోటివాళ్ళం అద్దె సైకిలు తెచ్చి, సీటు అందక, త్రికోణంలోంచి కాలు దూర్చి తొక్కి మోకాళ్ళు చెక్కుకున్నవాళ్ళమే.

ఇక బాగుచేయడం మొదలుపెట్టాము. ఉప్పుగాలి తినని భాగం లేదు. పెడలు కడ్డీని ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను తుప్పుతో అతుక్కుపోయింది. వారం రోజులు రోజూ సాయంత్రం సుత్తితో టకటకలాడిస్తే పిన్ను తల వంగిందే గాని బయటికి రాలేదు. కింది ఇంటివారు మర్యాదస్థులు గనుక ఏమీ అనలేదు. టైర్లతో ఇంకో తంటా. ఇప్పటి పందెపు సైకిలు టైరు కూర్చునే అంచు కొలత 622 మిల్లీమీటర్లు. ఊరినుంచి వస్తున్నవారిచేత తెప్పించిన 28 అంగుళాల మన టైరుది 635. మా రిమ్ము 630! ఒకటి ఎక్కలేదు, రెండోది నిలవలేదు. సరైన 27 అంగుళాల టైర్లు దొరికేసరికి మూడు నెలలు పట్టింది.

చివరికి ముహర్రక్‌లో ఒక సందులోని రిపేరు కొట్టుకు తీసుకుపోయాము. అక్కడి కుర్రవాడితో అరగంటసేపు మా హిందీ, అతని హిందీ కుస్తీ పట్టాయి. అతను ఇరుసు విప్పి, బేరింగు బాల్సు కిరసనాయిలులో కడిగి, లెక్కపెట్టుకుంటూ గ్రీజులో పొదుగుతున్నాడు. "తొమ్మిది, పది, పదకొండు" అన్నాడు. పక్కకి పదకొండే ఉంటాయి. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. నిజామాబాదు జిల్లా వాడట. పిన్ను తీసిన విధం కూడా చెప్పాలి. కడ్డీ కింద ఇనుప గొట్టం ముక్క ఆసరాగా నిలబెట్టి, పిన్ను మీద ఒక్కటంటే ఒక్కటే దెబ్బ వేశాడు. "గిట్ల సిన్న సిన్న దెబ్బలు కొడితే వంగుతది గని రాదు సార్" అన్నాడు.

తొక్కడం శుక్రవారాలు. జూన్‌లో నాలుగూముప్పావుకే తెల్లవారుతుంది, ఆరున్నర దాటితే మనిషి నిలవలేడు. ఒకరు తొక్కుతారు, ఒకరు నీళ్ళ సీసాలతో కారులో వెనకాల. అవాలీ దాటి జెబెల్ దుఖాన్ వైపు, 1932లో నూనె పడిన మొదటి బావి మీదుగా మా దారి. ద్వీపం మొత్తానికీ ఎత్తయిన ఆ కొండ ఎత్తు 134 మీటర్లు. ఇంతోటి దానికి పది గేర్లెందుకని నవ్వుకున్నాము. వాయవ్యం నుంచి షమాల్ గాలి ఎదురొచ్చిన రోజున తెలిసింది. బల్లపరుపు రోడ్డు మీద కొండెక్కినట్టు చిన్న గేరులో తొక్కవలసి వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ వేళప్పుడు రోడ్డు మీద సైకిళ్ళు తొక్కేవారు కూలిపనులకు పోయేవారే. ఇన్నేళ్ళుగా మన కారు దీపాల వెలుగులో వాళ్ళ వీపులు చూశామే గాని ముఖాలు చూడలేదు. రెండోవారమో మూడోవారమో, తెలిసినవారొకరు కారు ఆపి, "కారేమైనా పాడయిందా?" అని జాలిగా అడిగారు. "అవునండీ" అన్నాము! మా కారు వెనకాలే నిక్షేపంగా వస్తోంది. ఆ అబద్ధం మీద ఇంట్లో రెండు రోజులు మాటలు లేవు.

బ్రేకు బిగించడానికి మళ్ళీ పోయినప్పుడు కుర్రవాడు తలెత్తకుండా అడిగాడు: "మీ పండుగ పాటలు రోడ్డు మీదికి ఇనవడ్తయి మేడం. మేము లోపట్కి రావచ్చునా?" "ఎందుకు రాకూడదు, తప్పకుండా రా" అన్నాము. కారులో కూర్చున్నాక గాని ఆహ్వానపత్రం మీద "సభ్యులు, వారి కుటుంబీకులకు మాత్రమే" అని అచ్చువేసే ముక్క గుర్తు రాలేదు. పోనీ ఏదో చెప్పి తప్పించుకుందామా అనే ఆలోచనా వచ్చింది. రాలేదంటే అది మరో అబద్ధం.

ఉగాదికి ఒక పేరు ఎక్కువ రాసిచ్చాము. వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని చివరి వరుసలో కూర్చున్నాడు, పచ్చడి రెండోసారి అడిగి తిన్నాడు. ఫారంలో బంధుత్వం అన్న గడిలో "తమ్ముడు" అని రాశాము. ఈ సంచిక చేరేదాకా కార్యదర్శిగారికి ఆ సంగతి తెలియదు. వచ్చే ఏడు ఆ గడి ఏమి చేయాలో సర్వసభ్య సమావేశంలో అడగదలచుకున్నాము.