అమ్మ నడిచే దారిని బట్టి జోన్లు

విదేశాల్లో ఉన్న పిల్లలు అమ్మానాన్నల ఇంటికి చేయించే పనుల్లో ఈమధ్య దొంగల అలారం కూడా చేరింది. ఇద్దరే ఉండే ఇల్లు, బీరువాలో ఎంతో కొంత బంగారం, పెళ్లిళ్లకీ పండగలకీ తాళం పడే గేటు. దూరాన ఉన్నవాళ్లకి బెంగ సహజం. అమెరికాలోనూ ఆ భయం మనల్ని వదల్లేదు. 2011-14 మధ్య జార్జియా, న్యూయార్క్, మిషిగన్, టెక్సాస్ సహా పలు రాష్ట్రాల్లో ఒక ముఠా ఆసియా కుటుంబాల ఇళ్లని, ముఖ్యంగా భారతీయుల ఇళ్లని ఏరుకుని బంగారం కోసం జొరబడింది. ఆ వార్తలు చదివాకే డాలస్‌లో మా ఇంటికి అలారం పెట్టించుకున్నాం. తర్వాత హైదరాబాద్ మౌలాలిలో అమ్మానాన్నల ఇంటికీ పెట్టించాం. రెండు ఇళ్లకీ ఒకే రకం ప్రోగ్రామింగ్ పనికిరాదన్నది మౌలాలిలోనే బాగా అర్థమైంది.

హెచ్‌బీ కాలనీలో మాది పాత ఇండిపెండెంట్ ఇల్లు. డాబా మీద నిలబడితే మౌలాలి గుట్ట కనిపిస్తుంది. నాన్న ఈసీఐఎల్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఈసీ టీవీల కాలం మనిషి, టంకం వాసన ఆయనకి ఇప్పటికీ ఇష్టమే. అమ్మకి మాత్రం సైరన్ అంటేనే గిట్టదు. "గది మొత్తుకుంటే నా గుండె దడదడ కొట్టుకుంటది బిడ్డా, ముందు దాన్ని బంద్ చెయ్యి" అంది నేను వెళ్లగానే. ఆమె బాధలో న్యాయముంది. బిగించినతను ఫ్యాక్టరీ సెట్టింగులే ఉంచి డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు.

జోన్ అంటే ప్యానెల్ విడిగా గుర్తుపట్టగలిగే ఒక కాపలా చోటు. వీధి తలుపు ఒకటి, హాల్లో కదలికని పట్టే సెన్సర్ ఇంకొకటి. ఏ జోన్ తెరుచుకుంటే ఏం చేయాలో మనమే చెప్పాలి. కొన్ని జోన్లు క్షణంలో మోగాలి. కొన్ని మనం లోపలికొచ్చి కోడ్ నొక్కేదాకా ఆగాలి. కొన్ని రాత్రి ఇంట్లో మనుషులున్నప్పుడు నిద్రపోవాలి. ప్యానిక్ బటన్, పొగ సెన్సర్ మాత్రం సిస్టమ్ ఆన్‌లో ఉన్నా లేకున్నా 24 గంటలూ మెలకువగా ఉండాలి.

వీధి తలుపుకి బిగించినతను 30 సెకన్ల గడువే ఉంచాడు. డాలస్‌లో గ్యారేజీ నుంచి నేరుగా లోపలికొచ్చే మాకు అది చాలు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ తలుపు తాళం తీసి, చెప్పులు విడిచి, కూరగాయల సంచి కింద పెట్టి, కళ్లజోడు వెతుక్కుని కీప్యాడ్ దగ్గరికి చేరాలి. ఆమె వెంట నడిచి చూశాక దాన్ని 90 సెకన్లు చేశాను. దొంగకి కూడా అంత సమయం దొరుకుతుందని నాన్న అభ్యంతరం చెప్పారు. నిజమే. అందుకే కిటికీలనీ డాబా తలుపునీ గడువు లేకుండా క్షణంలో మోగేలా ఉంచాం. ఆ గడువు తాళంచెవితో వచ్చే దారికే.

పెరటి తలుపుతోనే అసలు తిప్పలు. తెల్లవారుజామున నల్లా వస్తుంది. అమ్మ లేచి పెరట్లో సంపు మూత చూసి మోటరు వేస్తుంది. ఆ తలుపు తక్షణ జోన్‌లో ఉంది గనక నీళ్లొచ్చిన రోజల్లా కాలనీ లేచేది. ఐదింటికి అక్కడ సైరన్ మోగితే ఎండాకాలంలో డాలస్‌లో ముందురోజు సాయంత్రం ఆరున్నర, నా ఫోన్ మోగేది. చాలా ప్యానెళ్లలో ఎంట్రీ-ఎగ్జిట్ 1, 2 అని రెండు వేర్వేరు గడువులు పెట్టుకునే వీలుంటుంది. రెండోది పెరటికి ఇచ్చి, దగ్గర్లో ఇంకో కీప్యాడ్ బిగించాం.

నాన్న ప్యానెల్ పెట్టె తెరిచి ఒక తప్పు పట్టుకున్నారు. తలుపు సెన్సర్ తీగ చివర ఒక చిన్న రెసిస్టర్ ఉండాలి. ప్యానెల్ ఆ విలువని ఎప్పుడూ కొలుస్తుంటుంది. తీగ తెగినా, ఎవరైనా రెండు తీగలూ కలిపినా విలువ మారిపోయి దానికి తెలిసిపోతుంది. మా ఇంట్లో రెసిస్టర్లన్నీ ప్యానెల్ పెట్టెలోనే, స్క్రూల పక్కనే వేలాడుతున్నాయి. అలా పెడితే మధ్యలో తీగలు కలిపేసినా ప్యానెల్ అంతా బాగుందనే అనుకుంటుంది. పని తొందరగా తెమలాలని చాలామంది చేసే పని ఇది. మల్టీమీటర్ పట్టుకుని నాన్న ఒక్కో తలుపు దగ్గరా కూర్చుని వాటిని సెన్సర్ వైపుకి మార్చారు. ఆ రెండు రోజులూ ఆయన ముఖంలో ఉద్యోగం నాటి వెలుగు చూశాను.

హాల్లో కదలికని పట్టే పీఐఆర్ సెన్సర్ మన ఒంటి వేడికీ గోడ వేడికీ ఉన్న తేడాని చూస్తుంది. మే నెలలో మౌలాలి గోడలు ఒంటితో సమానంగా కాగుతాయి. తేడా తగ్గి, సెన్సర్ మనిషిని సరిగా పట్టలేదు. ఉష్ణోగ్రతని బట్టి సర్దుకునే రకం కొనడం మేలు. దాని ముఖం మీద బల్లి పాకితే మాత్రం అలారం మోగొచ్చు, కాబట్టి బల్లులు చేరే ట్యూబ్‌లైట్‌కి దూరంగా బిగించాలి. మనిషి దానికి ఎదురుగా వచ్చినప్పటికంటే అడ్డంగా నడిచినప్పుడు బాగా పట్టుకుంటుంది. పొగ సెన్సర్‌ని దేవుడి గదికీ వంటింటికీ దూరం జరిపాం. సాంబ్రాణి వేయొద్దని అమ్మకి చెప్పడం నాకిష్టం లేదు. వంటింట్లో వేడిని పట్టే సెన్సర్ చాలు, పోపు పొగకి అది మోగదు.

అన్నిటికన్నా ముఖ్యమైన జోన్ అమ్మ మంచం పక్క ప్యానిక్ బటన్. దాన్ని గట్టిగా మోగేలానే ఉంచాం. వాళ్ల వయసులో రాత్రి పూట దొంగకన్నా బాత్రూంలో జారిపడే ప్రమాదమే ఎక్కువ, అప్పుడు రెండోవాళ్లు బటన్ నొక్కితే పక్కింటివాళ్లు లేవాలి. ప్యానెల్ ఫోన్ చేసే జాబితాలో మొదటి నంబరు నాది ఉండేది. దాన్ని నాలుగో చోటికి మార్చాను. మొదటిది ఎదురింటి అంకుల్‌ది, రెండోది అదే వీధిలో ఉండే మా బాబాయిది, మూడోది నాచారంలో ఉండే మేనబావది. పది నిమిషాల్లో గేటు దగ్గరికి రాగలిగినవాళ్లు వాళ్లే. టెక్సాస్‌లో చాలా నగరాల్లో అలారానికి పర్మిట్ కావాలి, ఊరికే పదేపదే మోగితే జరిమానా వేస్తారు. మౌలాలిలో కాపలా అంతా ఇరుగుపొరుగు ఓపిక మీదే నడుస్తుంది. ఆ ఓపికని అనవసరపు సైరన్లతో అరగదీస్తే, నిజంగా అవసరమైన రాత్రి ఎవరూ కిటికీ తీయరు.

ఊరెళ్లేటప్పుడు స్టేషన్‌లో చెప్పి వెళ్లమని పోలీసులు ప్రతి సంక్రాంతికీ చెబుతూనే ఉంటారు. ఆంధ్రప్రదేశ్‌లోనైతే ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో నమోదు చేసుకుంటే తాళం వేసిన ఇంటికి పోలీసులే ఉచితంగా కెమెరా పెడతారు. మీ ఊళ్లో అది నడుస్తోందేమో కనుక్కుని వాడుకోండి.

ఈసారి సెలవులకి వెళ్లినప్పుడు అలారం బిగించే మనిషిని పిలిచేముందు ఒక రోజంతా ఇంట్లో కూర్చుని అమ్మానాన్న ఏ వేళ ఏ తలుపు తీస్తారో రాసుకోండి. ఆ కాగితం అతని చేతిలో పెట్టండి. రెసిస్టర్లు ఎక్కడ పెడుతున్నాడో పక్కనుండి చూడండి. తిరుగు విమానం ఎక్కేలోపు వాక్ టెస్ట్ పెట్టి, ప్రతి గదిలోనూ వాళ్లనే నడిపించి, కోడ్ వాళ్ల చేతనే నొక్కించండి.